శ్రీశైలపు త్రోవలో ఒక కంఠస్వరము

శ్రీశైలమునకు ద్వారములు నాలుగని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. మేము తెనాలి ప్రాంతమువారము గనుక మాకు తూర్పు వాకిలియే దగ్గర. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకము, ఎఱ్ఱగొండపాలెము, పెద్ద దోర్నాల అను నీ వరుసను మా యింటి పిల్లలు ఎక్కములతోపాటు నేర్తురు. దోర్నాల దాటినంతనే నల్లమల మొదలగును. అటుపై ఇంచుమించు 50 కిలోమీటర్లు అడవియే, మలుపులే.

ఈ త్రోవలోని కొండలను, వాగులను, శిఖరదర్శనమును వర్ణించినవారు పలువురు కలరు. వారి తరువాత నేను చేర్పగలది స్వల్పము. అయితే ఈ త్రోవలో కంటికి కనబడునదానితోపాటు చెవికి వినబడునదియు ఒకటి కలదు. దానిని పాల్కురికి సోమనాథుడు మరువలేదు. ఆయన పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణమని ఒక భాగమే కలదు. తుమ్మెద పదములు, పర్వత పదములు, శంకర పదములు, ఆనంద పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని జనులు పాడుకొను పాటల పేర్లను ఆ గ్రంథమున ఆయన వరుసగా చెప్పెను. కాళ్ళతో కొండ నెక్కువారికి గొంతులో పాట యుండెను. దానికి వేరొక యంత్రముతో పనిలేకుండెను.

కాలినడక తగ్గినది, బస్సులు వచ్చినవి. బస్సులో పాడువారును ఉండిరి. ఇప్పుడు కారులు. కారులో ఎవరును పాడరు. పాట స్టీరియోలోనుండి రావలెను. ఆ పాట యుండునది చేతిలోని ఫోనున. ఫోనునకును స్టీరియోకును పొత్తు కుదుర్చుట యను నీ చిన్న పనిమీద నిరుడు కార్తీకమున మా యింట ఒక వృద్ధురాలి మనస్సంతయు ఆధారపడియుండెను. అందుచేత ఈ యాత్రను గూర్చి వ్రాయుచు దానినే ముందు పెట్టుచున్నాను.

మా మామగారు బడిపంతులు. మా వారును బడిపంతులే. మామగారికి భాగవతములో అష్టమస్కంధము కంఠస్థము. ఏటేట కార్తీకమున అత్తగారితో గూడ బస్సులో శ్రీశైలము పోవుచు, దోర్నాల దాటి బస్సు ఘాటు నెక్క మొదలిడగానే గజేంద్రమోక్షము అందుకొనెడివారట. మొదట తమలో తాము చదువుకొనెడివారు. రెండు మలుపులు తిరుగుసరికి ముందుసీటువారు వెనుకకు తిరిగెడివారు. శిఖరము వచ్చుసరికి బస్సంతయు ఆయన గొంతే. ఆయన 2011లో పోయిరి. అటుతరువాత అత్తగారు శ్రీశైలము మాట యెత్తలేదు. ఎవరైన అడిగినచో మోకాళ్ళ నొప్పులని చెప్పెడివారు. నిరుడు కార్తీకమునకు పది దినములు ముందు, కందిపప్పు చెరుగుచు చెరుగుచు, "మీ మామయ్యగారి క్యాసెట్టు ఒకటి ఉండాలి, చూడు అమ్మాయ్. అది వినిపిస్తూ తీసుకుపోతామంటే కొండకు వస్తాను," అనిరి.

క్యాసెట్టు దొరకినది. 1988లో మా పెద్దాడబిడ్డగారి భర్త గల్ఫునుండి తెచ్చిన టేపురికార్డరులో, మా పాత యింటి వసారాలో పట్టినది. 60 నిమిషముల క్యాసెట్టు, వైపునకు 30. ఏండ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదాని కొకటి అతుకుకొని యుండవచ్చును గనుక, వాయించుటకు ముందు దానిని ఆ కొననుండి ఈ కొనకు ఒకమారు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పవలెను. రికార్డరులో టేపు ఒరసికొనిపోవు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో తుడువవలెను. మా వారు ఈ రెండును చేసి, రికార్డరు చెవిగొట్టపు రంధ్రమునుండి కంప్యూటరు లైన్ ఇన్ రంధ్రమునకు తీగె వేసిరి. సోదరీమణులారా, మీలో ఎవరైన ఇట్టి పనికి పూనుకొందురేని ఒక విషయము తెలిసికొనుడు. క్యాసెట్టులోని ధ్వని ఫైలు కాపీ యైనట్లు క్షణములో రాదు. 60 నిమిషముల టేపునకు 60 నిమిషములు కూర్చుండి వినవలసినదే. మా యింట అందరును కూర్చుండిరి. అత్తగారు మాత్రము లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసికొనిరి. "నేను కొండమీదే వింటాను," అనిరి.

మరియొక మాట. ఆ క్యాసెట్టు ఒకే మైకుతో పట్టినది గనుక ఎడమ చెవికిని కుడి చెవికిని అందులో ఉన్నది ఒకే ధ్వని. ఈ సంగతి ముందు పనికివచ్చును.

కారు మా మరదిది; 2012 సంవత్సరపుది, చేయి మారి వచ్చినది. పాతదైనను నమ్మకమైన బండి. దాని స్టీరియోకు రేడియో కలదు, సీడీ నోరు కలదు, యూఎస్‌బీ రంధ్రము కలదు, ఆక్స్ రంధ్రము కలదు, బ్లూటూతును కలదు. ఇన్ని వాకిళ్ళుండగా చింత యేల యని తోచును గదా! మా తండ్రిగారివద్ద బాలవ్యాకరణము చదువునాడు, సంధి కొన్నియెడల నిత్యము, కొన్నియెడల వైకల్పికము, కొన్నియెడల బహుళము అని నేర్చితిని. ఫోనునకును కారునకును జరుగు సంధియు అట్టిదే యని ఆ పది దినములలో తెలిసినది.

బ్లూటూతు వైకల్పికము. పదియవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హెరాల్డ్ అను రాజునకు నీలిపన్నువాడని మారుపేరుండెను. తెగలను కలిపినవాడని ఆయన పేరే దీనికి పెట్టిరి. తీగె అక్కరలేదు, వెనుకసీటులోనుండియు పాట మార్చవచ్చును. ఈ రెండవ గుణము మన ఆడువారికి చిన్న విషయము కాదు. కారులో ముందుసీటు మగవారిది, మీటయు వారిదే. ఏమి వినవలెనో వెనుకనున్న నలుగురికి వారే నిర్ణయించుచుందురు. బ్లూటూతు వచ్చినప్పటినుండి ఆ యధికారము వెనుకకు కొంత జరిగినది. కాని దానికి ఒక దుర్గుణము కలదు. స్టీరియో ఒకమారు పరిచయమైన ఫోనును మరువదు. ఆ ఫోను మరల కారెక్కినంతనే తనకు తానే చేయి కలుపును. అప్పుడు పాట నడుమ ఫోను వచ్చినచో ఆ సంభాషణ నాలుగు స్పీకర్లలోనుండి వినబడును. మా వీధిలో ఒక ఆవిడకు పుట్టింటినుండి చెల్లెలు ఫోను చేసి, అత్తవారిని గూర్చి అడుగరాని ప్రశ్న యొకటి అడిగెను. అత్తవారు నలుగురును కారులోనే యుండిరి. పెద్దలతో ప్రయాణము చేయుచున్నప్పుడు ఫోనులోని బ్లూటూతును ముందుగా ఆపివేసికొనుటయే మేలని నా యభిప్రాయము.

ఇక మా మరది స్టీరియోలోని బ్లూటూతు మాటలకే గాని పాటలకు కాదు. ఆ కాలపు కొన్ని స్టీరియోలకు ఇట్టి లోపము కలదు. ఫోనులో మాట్లాడుటకు ఒక పద్ధతి, సంగీతము పంపుటకు మరియొక పద్ధతి. మొదటిది మాత్రమే యున్న స్టీరియో ఫోనుతో జత కుదిరినట్లే చూపించును, పాటను మాత్రము రానీయదు. పాత కారును కొనువారు ఇది పరీక్షించి చూచుకొనవలెను.

యూఎస్‌బీ నిత్యసంధి వంటిది. పెన్ డ్రైవులో పాటలు వేసి గ్రుచ్చినచో చాలును; ఫోనుతో పనియే లేదు, ఛార్జింగు చింతయు లేదు. అయితే పాత స్టీరియోలు చాలవరకు ఫ్యాట్ 32 అను పద్ధతిలో సిద్ధపరచిన పెన్ డ్రైవునే చదువును. పాటలు ఎంపీ3 రూపమున నుండుట క్షేమము. పేర్లకు ముందు 01, 02 అని అంకెలు వేసినచో వరుస తప్పదు. మేమును పెన్ డ్రైవునే తలచితిమి. కాని మా మరది కారులో ఆ రంధ్రము ఫోను ఛార్జింగునకు వాడి వాడి వదులైపోయినది. గుంతలో చక్రము పడినప్పుడెల్ల పెన్ డ్రైవు జారి, పద్యము మొదటికి వచ్చుచుండెను. గజేంద్రుడు ఏ మలుపు తిరిగినను మడుగు నొద్దనే యుండెను.

ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరనునది బహుళము. సిగరెట్టు ముట్టించుకొనుటకని కారులో పెట్టిన 12 వోల్టుల గుంటలో దీనిని గ్రుచ్చవలెను. ఫోనునుండి ధ్వనిని గ్రహించి, తానొక పిల్ల రేడియోకేంద్రమై 87.5 మొదలు 108 మెగాహెర్ట్జుల నడుమ ఒక సంఖ్యమీద పలుకును. స్టీరియోను ఆ సంఖ్యకు త్రిప్పినచో వినబడును. విజయవాడ, గుంటూరుల నడుమ ఖాళీ సంఖ్య దొరకుట కష్టము. దొరకినదనుకొన్నంతలో పెద్ద స్టేషను వచ్చి మీదపడి, పద్యము నడుమ నగల దుకాణపు ప్రకటన వినిపించును. పట్టణములు వెనుకబడిన కొలది ఇది బాగుగా పలుకును. రేడియో తప్ప మరేమియు లేని కారులకు ఇదియే శరణ్యము. క్యాసెట్టు నోరున్న మరింత పాత కారులకు, తీగెతోకగల క్యాసెట్టు ఆకారపు సాధనమొకటి కలదు. అందులో టేపు ఉండదు. టేపునకు బదులు ఒక చిన్న అయస్కాంతపు ముక్క స్టీరియో హెడ్డును తాకుచు అది టేపేనని భ్రమింపజేయును. ఫిలిప్సువారు 1963లో తెచ్చిన క్యాసెట్టునకు ఇంత తెలివిగల మారువేషము దొరకుట నాకు ఆశ్చర్యమే.

తుదకు మాకు మిగిలినది ఆక్స్ రంధ్రము. 3.5 మిల్లీమీటర్ల పిన్ను రెండు కొనలనుగల తీగె. ఒక కొన ఫోనున, ఒక కొన స్టీరియోలో. నా ఫోనునకు ఆ రంధ్రమే లేదు. 2016లో ఐఫోనువారు దానిని తీసివేసినది మొదలు చాలమంది తీసివేయుచున్నారు. అట్టివానికి సీ టైప్ కొనకు తగిలించు చిన్న మార్పుతీగె కొనవలెను. అందును రెండు రకములు. అంకెలను ధ్వనిగా మార్చు డాక్ అను బిళ్ళ లోపల నున్నది ఇంచుమించు అన్నిటికి పనిచేయును. అది లేనిది కొన్ని ఫోనులకే పనిచేయును. చూపునకు రెండును ఒకటే, అడిగి కొనవలెను. మా వారి ఫోనునకు పాత రంధ్రము ఉన్నది గనుక పద్యములన్నియు అందులో వేసితిమి. ఆక్స్ తీగె మాత్రము మా మరది కారులో ఎప్పటినుండియో ఉన్నదే.

తెల్లవారుజామున బయలుదేరితిమి. ముందుసీటున మా వారు, చక్రమువద్ద మరది, వెనుక అత్తగారు, నేను, మా అమ్మాయి. గుంటూరు దాటువరకు అమ్మాయికి ఇష్టమైన సినిమా పాటలు. పాటలతోపాటు సన్నని ఝంకారమొకటి వినబడుచుండెను. కారు వేగమందుకొన్న కొలది అదియు పైస్థాయికి పోవును, నెమ్మదించినచో దిగును. "తుమ్మెద దూరిందా బాబాయ్ నీ కారులో?" అని అమ్మాయి అడిగెను. సోమనాథుని తుమ్మెద పదములు తలపునకు వచ్చి నాకు నవ్వు వచ్చినది. ఫోను కారునందే ఛార్జి యగుచు, ఆ కారు స్టీరియోకే తీగెతో కలిసినప్పుడు, ఇంజినుతో తిరుగుచు విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరు రొద ఆ రెండు దారుల వలయములోనుండి ధ్వనిలోనికి చేరును. ఛార్జరు తీసివేసినచో పోవును.

నరసరావుపేటలో ఇడ్లీలు తిని బయలుదేరునప్పుడు మా వారు ఛార్జరు తీసివేసిరి. దూరముగా కోటప్పకొండ మూడు శిఖరములతో కనబడుచుండెను. శివరాత్రినాడు అక్కడికి వచ్చు ప్రభల యెత్తును, వాని విద్యుద్దీపములను, మ్రోతను అత్తగారు అమ్మాయికి చెప్పుచుండిరి. ఇంతలో స్టీరియోలో ఒక వింత జరిగినది. తుమ్మెద పోయినది; దానితోపాటు పాడువారును పోయిరి. వయొలిన్లు వినబడుచున్నవి, డప్పు వినబడుచున్నది, గాయని గొంతు మాత్రము బావిలోనుండి వచ్చు నిట్టూర్పువలె ఎక్కడనో లీలగా ఉన్నది. మా మరది స్పీకర్లు పోయినవనుకొనెను. కొండవరకు ఆగనేల, ఒకమారు పరీక్షింతమని మా వారు మామగారి పద్యములు పెట్టిరి. ఏమియు వినబడలేదు. ఫోను తెరపై కాలము సాగుచునే యున్నది. స్టీరియో శబ్దము చివరివరకు పెంచిరి. సన్నని బుసతప్ప మాట లేదు.

అత్తగారు ముందునకు వంగి, "చెరిగిపోయిందా నాయనా?" అని అడిగిరి. ఎవరును పలుకలేదు. క్యాసెట్టు తెనాలిలో బీరువాలో నున్నది. ఆమె వెనుకకు ఒరిగి కిటికీలోనుండి చూచుచు కూర్చుండిరి. వినుకొండవరకు కారులో మాటలు లేవు.

వినుకొండ పేరునకు విన్న కొండయని పెద్దలు కథ చెప్పుదురు. సీతాపహరణవార్తను రాముడు ఇక్కడనే వినెనని ప్రతీతి. మహాకవి జాషువా 1895లో జన్మించిన ఊరును ఇదియే. మేము ఆ యూర ఆగినది ఒక చిన్న ఫోను దుకాణమువద్ద. అందున్న కుర్రవానికి ఇరువదేండ్లుండవు. ఫోను తీసికొని, కారులో కూర్చుండి, రెండు పాటలు విని, తీగెను పిన్ను మెడవద్ద పట్టి ఇటు అటు వంచెను. వంచినప్పుడు గాయని గొంతు వచ్చినది, వదలినప్పుడు పోయినది. "పాటలకేం కాలేదండీ. ఎర్త్ తీగ తెగింది," అని చెప్పెను.

ఆ మాటలోని సారమును త్రోవపొడుగున మా వారు నాకు విప్పి చెప్పిరి. ఆక్స్ తీగెలో మూడు పోగులుండును. ఒకటి ఎడమ ధ్వనికి, ఒకటి కుడి ధ్వనికి, మూడవది రెంటికిని ఉమ్మడియైన తిరుగుదారి. ఆ మూడవది తెగినచో ఎడమ, కుడి పోగులు ఒకదానికొకటి ఎదురై, రెంటిలోను సమానముగా నున్నదంతయు రద్దై, భేదము మాత్రమే స్పీకర్లకు చేరును. సినిమా పాటలో గాయని గొంతును రెండువైపులను సమముగా నడుమ నిలుపుదురు. వాద్యములను అటునిటు పరతురు. కనుక గొంతు పోయి వాద్యములు మిగిలినవి. మామగారి పద్యములు ఒకే మైకుతో పట్టినవి, రెండువైపులును ఒక్కటే. భేదమే లేదు గనుక అంతయు రద్దై నిశ్శబ్దమైనది. మరి గుంటూరువరకు గొంతులు వినబడుట ఎట్లు? ఛార్జరు గ్రుచ్చియున్నంతసేపు ఆ తెగిన దారికి బదులు ఛార్జరు తీగెయే తిరుగుదారి యైనది. తుమ్మెదను మోసికొని వచ్చినదియు, గాయనిని నిలిపినదియు ఆ ఛార్జరే. పిన్ను పూర్తిగా లోపలికి దిగకున్నను ఇట్టి మాయయే జరుగును. కావున గొంతు లేని పాట వినబడినప్పుడు ఫోనును, స్పీకర్లను నిందింపక ముందు పిన్నును గట్టిగా నొక్కి చూడుడు, తరువాత తీగెను మార్చి చూడుడు.

కుర్రవాడు 150 రూపాయలకు క్రొత్త తీగె ఇచ్చెను. బట్ట అల్లికగల, పొట్టి తీగె. పొడుగు తీగె గేరు చుట్టును చిక్కుకొనునని వాడే పొట్టిది యెంచెను. పెట్టి చూచినచో మామగారి గొంతు మొదటి మాటతోనే వినుకొండ బజారులో పలికినది. "ఇక్కడ వద్దు, ఆపెయ్," అని అత్తగారు వెంటనే అనిరి. ఆ కుర్రవానికి వేరుగా మా చేతినుండి అరిసెలు ఇప్పించిరి.

త్రిపురాంతకమున కొండమీద స్వామి, క్రింద చెరువువద్ద బాలాత్రిపురసుందరి. ఎండ యెక్కినందున అత్తగారిని పైకి తీసికొనిపోలేదు. అమ్మవారి దర్శనము చేసికొని ముందునకు సాగితిమి. ఎఱ్ఱగొండపాలెమువరకు మెట్టపొలములు, ఎఱ్ఱని నేల, అక్కడక్కడ మిరప. పెద్ద దోర్నాలలో భోజనము. అక్కడి అడవి ద్వారమును రాత్రివేళ మూసివేయుదురు, ఇది పులులకు రక్షితమైన అరణ్యము గనుక. చీకటి పడకముందే పైకి చేరునట్లు బయలుదేరుట మేలు.

దోర్నాల దాటిన కొంతసేపటికి ఫోనులలో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే రాలినవి. మా మరది నిత్యము వినునవి ఇంటర్నెట్టునుండి అప్పటికప్పుడు వచ్చు పాటలు. అవి ఒక మలుపులో సగమాటవద్ద నిలిచిపోయినవి. ఈ అడవిలో గాలినుండి వచ్చునది ఏదియు నమ్మదగినది కాదు. వెంట దెచ్చుకొన్నదే వినబడును. కొండకు పోవువారు వినదలచినదానిని ఇంటివద్దనే ఫోనులోనికి దించుకొని రావలెను. మా వారు ఛార్జరు తీసివేసి, ఫోనును మరదికి అందనంత దూరముగా తమ యొడిలో పెట్టుకొనిరి. ఘాటు నడుపువాడు పాట మార్చుటకు చేయి చాపరాదని మేము ముందే ఏర్పాటు చేసికొంటిమి. అద్దములు ఎత్తి, శబ్దము తగ్గించి పెట్టితిమి. అడవిలో అంతకుమించి వినిపించుట నాకు సమ్మతము కాదు. వినదలచినది మనము, జింకలు కావు.

అంతట ఆయన గొంతు వచ్చినది. నేను ఆయనను వృద్ధుడుగనే యెరుగుదును. ఇది నలువదేండ్ల వాని గొంతు. గమకములు లేవు, రాగాలాపన లేదు. పద్యమును విరుపు తెలిసి చదువుట మాత్రమే. ఇరుప్రక్కల వెదురుపొదలు, టేకుచెట్లు, నడుమ నడుమ లోయ. మలుపు తిరిగినప్పుడు కారు ఒరిగినను స్వరము ఒరుగలేదు. పద్యముల వెనుక మా పాత యింటి చప్పుళ్ళు వినబడుచుండెను. గిలక బావి కిర్రుమనుట, కాకి, దూరమున ఎవరో మజ్జిగ చిలుకుచున్నట్లు కవ్వము. కంప్యూటరులో ఈ చప్పుళ్ళను తొలగించు ఉపాయము కలదని మా వారు అనినప్పుడు నేనే వద్దంటిని.

మొసలి కాలు పట్టిన ఘట్టమువద్ద పద్యము నడుమ ఒక స్త్రీకంఠము, ఎక్కడనో వంటింటినుండి, చురుకుగా పిలిచినది: "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది!" ఆయన ఆగలేదు, పద్యము పూర్తిచేసి, ఒక్క క్షణము నిలిచి, "వస్తున్నా," అని, మరల అందుకొనిరి.

మా అమ్మాయి, "ఎవరు నాయనమ్మా అది?" అని అడిగెను. అత్తగారు సమాధానము చెప్పలేదు. కొంగు నోటికి అడ్డము పెట్టుకొనియుండిరి. ఏడ్చుచున్నారనుకొని నేను చేయి పట్టుకొంటిని, నవ్వుచుండిరి. "ఆ రోజు వంకాయ పులుసు," అనిరి. "అంత కేకేసేదాన్నా నేను?" అనిరి. కొంతసేపటికి, "మళ్ళీ వెనక్కి పెట్టు నాయనా, అక్కడ్నించి," అని మా వారిని అడిగిరి. ఆ ఘట్టము మూడుమార్లు విన్నాము. క్యాసెట్టయినచో త్రిప్పి త్రిప్పి ఆ చోటు దొరకించుకొనుటకు రెండు మలుపులు పట్టియుండును.

శిఖరేశ్వరము చేరువరకు రెండవ వైపుకూడ పూర్తియైనది. అక్కడ నంది కొమ్ముల నడుమనుండి దూరమున శ్రీశైల శిఖరమును చూచుట ఆచారము. నందివద్ద నువ్వులు వేసి త్రిప్పుదురు. మెట్లు అత్తగారికి కష్టమేమోయని సందేహించితిమి. మరది ఒకవైపు, మా వారు ఒకవైపు పట్టుకొన ఆమె నెమ్మదిగా ఎక్కిరి. నువ్వులు దుకాణములో కొనబోవుచుండగా, "అక్కర్లేదు," అని కొంగుమూట విప్పిరి. తెనాలినుండియే తెచ్చిరి. మేమంతా శిఖరము కనబడినదా కనబడినదా యని ఒకరినొకరు అడుగుచుంటిమి గాని ఆమె నడుగలేదు. తరువాత సాక్షిగణపతివద్ద ఆగి, పొద్దుండగనే ఊరు చేరితిమి.

ఇంటికి వచ్చిన వారములో ఆ పద్యములు ఆడబిడ్డలు ముగ్గురకు పంపవలెనని అత్తగారు పట్టుబట్టిరి. ఇద్దరకు ఫ్యాట్ 32లో సిద్ధపరచిన పెన్ డ్రైవులు. చల్లారిన అన్నపు ఘట్టమును 07 అని వేరుచేసి పేరు పెట్టితిని. పెద్దాడబిడ్డగారి క్రొత్త కారులో ఏ రంధ్రమున ఏది పెట్టవలెనో ఆమెకు తెలియదట, అంతయు బ్లూటూతేనట. ఆమెకు ఫోనుకే పంపితిమి.